మంచు కాలం – వెనుక దీపం

శీతకాలానికి వాహనాన్ని సిద్ధం చేయడమనగానే చదువుకున్నవారి మనస్సులో మెదిలేది పరదేశపు చిత్రం. మోకాలి లోతు హిమం, గడ్డకట్టిన రేడియేటరు, చక్రాలకు చుట్టిన ఇనుప గొలుసులు. స్వీడన్ దేశంలో డిసెంబరు 1 నుండి మార్చి 31 వరకు, రోడ్డు మీద హిమం గాని మంచుగడ్డ గాని ఉన్నప్పుడు, కార్లకు శీతకాలపు టైర్లు ఉండి తీరాలని చట్టమే ఉన్నది. అంత దూరం పోనక్కరలేదు. మన దేశంలోనే లదాఖ్‌లో మామూలు డీజిలు చలికి పేరుకొని గొట్టాలలో కదలకుండా పోతుంది. అందుచేత సున్నాకు దిగువన 33 డిగ్రీల చలిలో కూడా పారగలిగే డీజిలును ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో అక్కడ ప్రవేశపెట్టింది. ఇవి చదివిన మన గుంటూరు, ఒంగోలు సోదరులు "మనకేమి శీతకాలం! రెంటచింతల ఎండలకు తట్టుకున్న బండికి ఈ చలి ఒక లెక్కా?" అని నవ్వుకోవడం సహజమే.

ఆ నవ్వు తొందరపాటని మా అభిప్రాయము. మన మైదానాలలో చలి వాహనాన్ని బాధించదన్న మాట నిజమే. డిసెంబరు, జనవరి తెల్లవారుజాములలో కూడా ఇక్కడ ఉష్ణోగ్రత 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. లంబసింగి కొండల మీద పడే చలి మనకు లేదు. కాని శీతకాలం మన దగ్గర వాహనం మీదికి గాక మనిషి కంటి మీదికి వస్తుంది. రాత్రి పొడుగవుతుంది, పొగమంచు దిగుతుంది, సరిగ్గా ఆ వేళకే పంట రోడ్డెక్కుతుంది. ఈ మూడూ ఒకచోట కలిసే కాలం సంవత్సరంలో మరొకటి లేదు. కనుక మన ప్రాంతపు శీతకాల సన్నాహమంటే ఎదుటివారు మనకు కనిపించడం, మనం ఎదుటివారికి కనిపించడం. ఈ రెండింటిలో మొదటిదాన్ని కొంతవరకైనా పట్టించుకుంటున్నాము. రెండవదాన్ని దాదాపు మరచిపోయినాము. ఈ వ్యాసంలో మేము మనవి చేయదలచినది ముఖ్యంగా ఆ రెండవదాన్ని గూర్చియే.

మొదట కాలం సంగతి చూద్దాము. పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదని పెద్దలన్నారు. డిసెంబరు 22 ప్రాంతంలో పగలు అన్నిటికంటె చిన్నది. అయితే సూర్యుడు అన్నిటికంటె ఆలస్యంగా ఉదయించేది ఆ రోజున కాదు, సంక్రాంతి దినాలలో. జనవరి నడిమిన గుంటూరులో సూర్యోదయం ఉదయం 6 గంటల 40 నిమిషాల ప్రాంతంలో జరుగుతుంది. అంటే పొలానికి, మిల్లుకు, యార్డుకు, కళాశాలకు బయలుదేరే మనిషి చాలా భాగం చీకటిలోనే బయలుదేరవలసి ఉంటుంది.

ఇక పొగమంచు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలక, నేల తడిగా ఉన్న రాత్రులలో భూమి తన వేడిని త్వరగా పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకొని ఉన్న గాలి చల్లబడి, అందులోని తేమ కంటికి కనిపించనంత చిన్న బిందువులుగా మారి తేలుతుంది. పొగమంచంటే నేల మీదికి దిగిన మేఘమే. వేయి మీటర్ల అవతలి వస్తువు కనబడకపోతే దానిని పొగమంచు అని వాతావరణ శాస్త్రజ్ఞులు లెక్కిస్తారు. మన పల్లపు దారులలో యాభై మీటర్ల అవతలి చెట్టు కూడా కనబడని ఉదయాలు పాఠకులందరికీ పరిచయమే. సాగర్ కుడి కాలువ నీరు పారే మాగాణులు, కొమ్మమూరు కాలువ వెంబడి పల్లాలు, వాగుల మీది వంతెనలు, తడిసిన నల్లరేగడి చేలు మంచుకు పుట్టిళ్లు. మెరక మీద తేటగా ఉన్న రోడ్డు వాగులోకి దిగేసరికి ఒక్కసారిగా మాయమవుతుంది. డ్రైవరును మోసగించేది ఈ ఆకస్మికతయే.

సరిగ్గా ఈ కాలంలోనే మన రోడ్లకు బరువు పెరుగుతుంది. పత్తి తీతలు సాగుతుంటాయి. బోరేలను ఆకాశమంత ఎత్తున పేర్చుకొని ట్రాక్టర్లు జిన్నింగు మిల్లులకు, కొనుగోలు కేంద్రాలకు కదులుతాయి. జనవరి దాటేసరికి కొత్త మిర్చి కల్లాల మీద ఎర్రగా పరచుకుంటుంది. ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీల లోడ్లు రాత్రంతా నడుస్తాయి, తెల్లవారి అమ్మకాల వేళకు చేరుకోవాలి గనుక. చీమకుర్తి రాతి దిమ్మెలను మోసే లారీలు ఒంగోలు వైపు నెమ్మదిగా దిగుతాయి. మిర్చి కోతకు, పత్తి తీతకు పోయే కూలీలు ఆటోలలో, ట్రక్కులలో తెల్లవారుజామునే ఊరు దాటుతారు. వీటన్నిటి నడుమ సంక్రాంతికి సొంత ఊళ్లకు వచ్చే కార్లు చేరుతాయి. హైదరాబాదు నుండి అర్ధరాత్రి బయలుదేరి నార్కెట్‌పల్లి – అద్దంకి రోడ్డు మీదుగా వచ్చే కుటుంబం పిడుగురాళ్ల, నరసరావుపేట దాటే వేళకు సరిగ్గా మంచు దట్టమయ్యే గడియ వస్తుంది. 2010లో సంఖ్య మారి 5 కాస్తా 16గా మారిన మన జాతీయ రహదారి మీద చిలకలూరిపేట, మార్టూరు, మేదరమెట్ల వెంబడి కూడా ఇదే స్థితి. ఒకే రోడ్డు మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో కారు, 15 కిలోమీటర్ల వేగంతో ట్రాక్టరు పోతున్నాయి. వాటి మధ్య ఉన్నది మంచు తెర ఒక్కటే.

కారు గలవారు కార్తీకంలోనే చేసుకోవలసిన సన్నాహం ఏమిటో ముందుగా చెప్పుకుందాము. ఇందులో పెద్ద ఖర్చు ఏమీ లేదు. హెడ్‌లైట్ల అద్దాలు ఎండకు పసుపెక్కి ఉంటే మెరుగు పెట్టించాలి. వాటి వెలుగు ఆకాశం వైపు గాక రోడ్డు మీదికి పడేటట్లు మెకానిక్ చేత సరిచేయించాలి. ముందు అద్దాన్ని వెలుపలనే గాక లోపల కూడా కడిగి తుడవాలి. లోపలి జిడ్డు పొర మీదనే ఆవిరి త్వరగా పేరుకుంటుంది. ఆవిరి పట్టినప్పుడు చేతితో తుడిచే బదులు ఏసీ వేసి ఆ గాలిని అద్దం మీదికి మళ్లిస్తే తేమ పోతుంది. వైపర్ల రబ్బరు మే నెల ఎండకు ఎండి పగిలి ఉంటుంది. వాన లేదు గదా అని దానిని మార్చరు. మంచు బిందువులు అద్దాన్ని కమ్మినప్పుడు గాని దాని అవసరం తెలియదు.

టైర్లలో గాలి చల్లబడినకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. అయిదారు డిగ్రీల చలికి సుమారు ఒక పౌండు తగ్గుతుందని లెక్క. కాబట్టి బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి కొలిపించాలి. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కంటె తగ్గితే ఆ కారు టైరు పనికిరాదని మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. బ్యాటరీని నిజంగా దెబ్బతీసేది మన వేసవి, ఆ దెబ్బ బయటపడేది చలి ఉదయాన తాళం తిప్పినప్పుడు. మూడు, నాలుగేళ్లు వాడిన బ్యాటరీని ఒకసారి పరీక్షింపజేయడం మంచిది. స్టెప్నీలో గాలి, జాకీ, టార్చిలైటు, ఎర్రని హెచ్చరిక త్రికోణం బండిలో ఉండాలి. రేడియేటరు గడ్డకడుతుందన్న భయం మాత్రం మనకు అక్కరలేదు.

వాహనం ఎంత సిద్ధమైనా నడిపే చేయి సిద్ధం కాకపోతే ఫలితం సున్న. మంచులో హైబీమ్ వేసినవానికి దారి మరింత కనబడుతుందన్నది భ్రమ. ఆ వెలుగు నీటి బిందువుల మీద పడి చెదరి తిరిగి అతని కంటిలోనే పడుతుంది, ఎదుట తెల్లని గోడ కట్టినట్లుంటుంది. డిమ్ వేసి, కిందికి పడే వెలుగుతోనే నడపాలి. పొగమంచు దీపాలను బంపరు కింద అమర్చడంలోని ఆంతర్యమూ ఇదే.

వేగం విషయమై చిన్న లెక్క వేద్దాము. అడ్డు కనబడినప్పటి నుండి బ్రేకు మీద కాలు పడేసరికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఆ లోపలనే బండి 25 మీటర్లు పోతుంది. మంచి బ్రేకులున్న కారు నిలవడానికి మరో 28 మీటర్లు కావాలి. మొత్తం 53 మీటర్లు. అదే 80 కిలోమీటర్ల వేగమైతే సుమారు 82 మీటర్లు, 40 కిలోమీటర్లయితే 30 మీటర్లకు లోపు. ఎదుట యాభై మీటర్లే కనబడుతున్నప్పుడు 60లో పోవువాడు తన ప్రాణాన్ని అదృష్టానికి అప్పగించినట్లే. లోడు లారీకి ఇంకా ఎక్కువ దూరం కావాలి. మంచు మరీ దట్టమైతే రోడ్డు దిగి ఏ బంకులోనో, హోటలు ముంగిటనో అరగంట ఆగడం పిరికితనం కాదు. పండుగకు గంట ఆలస్యంగా చేరినవారిని ఏ తల్లీ కోప్పడదు.

ఇంతవరకు చెప్పినది కారు యజమాని తన కోసం చేసుకునే సన్నాహం. దానిని ఎంత శ్రద్ధగా చేసినా, ఎదుట పోయే ట్రక్కుకు వెనుక దీపం లేకపోతే ఆ శ్రద్ధలో సగం వృథా. మన ప్రాంతపు నిజమైన లోపం ఇక్కడనే ఉన్నదని మేము నమ్ముతున్నాము.

ట్రాక్టరుకు దీపాలుంటాయి. దాని వెనుక తగిలించే ట్రక్కుకు ఉండవు, ఉన్నా వెలగవు. కారణం తెలుసుకోవడం కష్టం కాదు. ట్రక్కును నేడు ఒక ట్రాక్టరుకు, రేపు మరొక ట్రాక్టరుకు తగిలిస్తారు. తగిలించిన ప్రతిసారీ దీపాల తీగను కూడా కలపాలి. ఆ తీగ ఎప్పుడో తెగి వేలాడుతుంటుంది. ఒకవేళ దీపం వెలిగినా, ట్రక్కును దాటి వెనుకకు, పక్కలకు పొంగిన పత్తి బోరేలు, వరిగడ్డి దానిని కప్పివేస్తాయి. కొన్ననాడు అంటించిన రిఫ్లెక్టరును రేగడి బురద పూత పూసి కప్పుతుంది. మంచులో ఆ లోడు బూడిదరంగు మీద బూడిదరంగు. నలభై మీటర్ల దూరంలో గాని డ్రైవరుకు అది లోడని తెలియదు. పైన మేము వేసిన లెక్కను పాఠకులు ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకోవాలి.

ఆగిన లారీ ఇంకా ప్రమాదకరం. టైరు పగిలిందనో, నిద్ర వచ్చిందనో రోడ్డు అంచున నిలుపుతారు. వెనుక హెచ్చరికగా నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ పెడతారు. ఆ రాళ్లు లారీకి పది అడుగుల దూరంలో ఉంటే ఎవరికి ఉపయోగం? ఆపగల దూరం కంటె వెనుకగా ఉంటేనే గదా హెచ్చరిక! పైగా బండి బాగైన తరువాత లారీ పోతుంది, రాళ్లు మాత్రం రోడ్డు మీదనే మిగులుతాయి. తరువాత వచ్చే మోటారుసైకిలు మనిషికి అవి మృత్యువు. హెచ్చరికయే ఉచ్చుగా మారే ఈ విచిత్రం మన రోడ్ల మీద నిత్యకృత్యం.

చీకటి పడిన రోడ్డు మీద ట్రాక్టరు ఎంతటి ప్రమాద హేతువో మన రాష్ట్రాలవారికి తెలియనిది కాదు. 2014 డిసెంబరు 6న సినీ నిర్మాత నందమూరి జానకిరామ్ నాటి నల్లగొండ జిల్లా మునగాల మండలం ఆకుపాముల దగ్గర మరణించినది కారు, ట్రాక్టరు ఢీకొన్న ప్రమాదంలోనే. ప్రసిద్ధుడు గనుక ఆ వార్త రాష్ట్రమంతటా చదివారు. పేరు పత్రికల కెక్కని వారు ఎందరు! 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రవాణా శాఖ ప్రకటించింది. ఒక మోస్తరు పట్టణం మొత్తం ఒక్క ఏడాదిలో ఖాళీ అయినట్లు. ట్రాక్టరును వెనుక నుండి గుద్దినప్పుడు కారులోనివారే పోతారని అనుకోరాదు. ట్రక్కులో టిక్కీల మీద కూర్చున్న రైతు, పని ముగించి ఇల్లు చేరుతున్న కూలీ తల్లి కూడా పోతారు. వెనుక దీపం లేనిది ఎవరి ట్రక్కుకో వారే ముందు నష్టపోతారు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చేయవలసి ఉన్నది. మన తాతల కాలంలో రెండెద్దుల బండి రాత్రి ప్రయాణమైతే ఇరుసు కింద లాంతరు వేలాడేది. మోటార్లు అంతగా లేని రోజులవి. బండి నడక మనిషి నడకకు రవంత ఎక్కువ. అయినా దీపం లేని బండిని రాత్రి దారిన పెట్టడం తప్పని పల్లెవాసికి తెలుసు. ఆ లాంతరు ఎద్దుల కోసం కాదు, అవి దారి ఎరుగును. అది ఎదుటి మనిషి కోసం. బండి పోయి ట్రాక్టరు వచ్చింది. బలం ఇరవై రెట్లు, లోడు పది రెట్లు పెరిగింది. లాంతరు మాత్రం ఎక్కడో జారిపోయింది. అభివృద్ధి అంటే ఉన్న మంచిని పోగొట్టుకోవడం కారాదు గదా!

చట్టం లేదా అంటే ఉన్నది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం సూర్యాస్తమయమైన అరగంట నుండి సూర్యోదయానికి అరగంట ముందు వరకు, అట్లే వెలుగు చాలని ఏ సమయంలోనైనా, వాహనం వెనుక 155 మీటర్ల దూరానికి కనబడే ఎర్ర దీపం వెలుగుతుండాలి. మంచు కప్పిన ఉదయం ఏడు గంటలకు కూడా ఈ నిబంధన వర్తిస్తుంది. ఇతరులకు ప్రమాదం కలిగేటట్లు వాహనాన్ని గాని, ట్రక్కును గాని రోడ్డు మీద విడిచిపెట్టరాదని 1988 చట్టంలోని 122వ సెక్షను చెబుతున్నది. వెనుక ఎరుపు, పక్కలకు పసుపు, ముందు తెలుపు రిఫ్లెక్టరు పట్టీల సంగతి కూడా నిబంధనలలో ఉన్నది. చట్టం పుస్తకంలో 155 మీటర్లు కనబడుతుంది, రోడ్డు మీద కనబడదు.

ఈ మాట అన్నప్పుడల్లా మేము విన్న ఆక్షేపణలు మూడు. పేద రైతు మీద మరొక భారం మోపుతారా అన్నది మొదటిది. మనవారు "రేడియం స్టిక్కరు" అని పిలిచే పట్టీలో రేడియం ఏమీ లేదు. తన మీద పడిన వెలుగును వచ్చిన వైపుకే తిప్పి పంపే చిన్న గాజుపూసలో, ప్లాస్టిక్ పలకలో దాని రహస్యం. బ్యాటరీ అక్కరలేదు, తీగ అక్కరలేదు, ట్రాక్టరు మారినా పనిచేస్తుంది. ఒక టిక్కీ మిర్చి ధరలో అతి చిన్న భాగంతో ఒక ట్రక్కు చుట్టూ పట్టీలు అంటించవచ్చు. లోడు పొంగి కప్పేస్తుందన్న భయమున్నవారు పట్టీలు కుట్టిన గోనెగుడ్డ నొకదానిని లోడు వెనుక వేలాడదీయవచ్చు. ఇది రైతు మీద భారం కాదు, రైతుకే రక్ష.

కారువారు వేగం తగ్గిస్తే సరిపోదా అన్నది రెండవ ఆక్షేపణ. ఇందులో న్యాయమున్నది. హైబీమ్‌తో, వంద వేగంతో మంచులో దూసుకుపోయేవాడు రైతును నిందించడానికి అర్హుడు కాడు. అందుకే మేము కారు సన్నాహాన్ని ముందుగా చెప్పినాము. కాని ఒకరి కర్తవ్యం మరొకరి కర్తవ్యాన్ని రద్దు చేయదు. 40 వేగంలో పోయేవానికి కూడా ముందు ఏమున్నదో కనబడాలి.

పోలీసులు, రవాణా అధికారులు చూసుకోవాలి అన్నది మూడవది. వారు చూసుకోవలసినదే. అయితే జరిమానా రసీదు వెలుగునివ్వదు. జరిమానా కట్టిన ట్రక్కు అదే రాత్రి అదే చీకటిలో ఇల్లు చేరుతుంది. పైగా రహదారి భద్రతా వారోత్సవాలు, మాసోత్సవాలు మనం జరుపుకొనేది ఎక్కువగా జనవరిలో. అప్పటికి మంచు దిగి చాలా రోజులవుతుంది. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకోవడం అలవాటైన మనకు ఇది వింతగా తోచదు.

ఇతర దేశాలలో ఈ సమస్యకు పరిష్కారం ఎక్కడ పుట్టిందో గమనించదగ్గది. ఇంగ్లండులోని యార్క్‌షైరులో రోడ్డు మరమ్మతుల పని చేసుకునే పెర్సీ షా అనే ఆయన 1934లో రోడ్డు మధ్య పొదిగే "పిల్లికన్ను"కు పేటెంటు పొందినాడు. చీకటిలో, మంచులో వాహనపు వెలుగుకే మెరిసి దారి చూపే ఆ చిన్న పరికరపు సంతతియే నేడు మన 16వ నంబరు రహదారి మీద కూడా మెరుస్తున్నది. ఫిన్లండులో పెర్టెలి అనే పల్లెవాసి ఆర్వి లెహ్తి తన గుర్రపు బళ్లను మోటార్ల బారి నుండి కాపాడుకోవడానికి రిఫ్లెక్టర్లు తయారుచేసినాడు. తరువాత అవే మనుషుల కోటు జేబులకు వేలాడే బిళ్లలైనాయి. ఇప్పుడు ఆ దేశంలో చీకటివేళ రోడ్డున నడిచే పాదచారి కూడా రిఫ్లెక్టరు ధరించాలని చట్టం చెబుతున్నది. ఒకరు రోడ్డు పనివాడు, మరొకరు బళ్లున్న పల్లెవాడు. సమస్యను చేతితో తాకినవారికే ఉపాయం తట్టింది. మన మెకానిక్ షెడ్లలో, లారీ ఆఫీసులలో, కల్లాలలో అటువంటి చేతులకు కరవు లేదు.

కనుక మా సూచన ఒక్కటే. తనిఖీ రోడ్డు మీద గాక ద్వారం దగ్గర జరగాలి. పత్తి లోడు ఎన్ని దారులు తిరిగినా జిన్నింగు మిల్లు కాటా ఎక్కక తప్పదు. మిర్చి లోడు యార్డు ద్వారమో, శీతల గిడ్డంగి ద్వారమో దాటక తప్పదు. అక్కడ ట్రక్కులు వరుసలో గంటల తరబడి ఆగి ఉంటాయి. ఒక కుర్రవాడు తడిగుడ్డతో వెనుక పలకను తుడిచి రెండు ఎర్ర పట్టీలు అంటించడానికి అయిదు నిమిషాలు చాలును. మార్కెట్ కమిటీ రైతు సరకు మీద వచ్చే సెస్సులో నుండి ఈ పట్టీల ఖర్చు భరించడం న్యాయం. మిల్లు యజమానులు తమ కాటా దగ్గర అదే పని చేయవచ్చు. పెట్రోలు బంకులవారు గాలి పట్టే చోటనే పట్టీలు అమ్మకానికి పెట్టవచ్చు. ఇది కార్తీకమాసంలో, తొలి తీత పత్తి కదిలే రోజులలోనే మొదలు కావాలి. ఇంటింటా దీపాలు పెట్టే నెలలో ట్రక్కుకు ఒక దీపం పెట్టుకోవడం మన ప్రజలకు కొత్తగా నేర్పవలసిన పని కాదు.

విద్యార్థుల పాత్ర ఇందులో చిన్నది కాదు. మన తరగతి గదులలో కూర్చున్నవారిలో లారీ డ్రైవర్ల బిడ్డలున్నారు, రైతు బిడ్డలున్నారు, సాయంత్రాలు షెడ్డులో ఉస్తాదు దగ్గర స్పానరు పట్టేవారున్నారు. ఉర్దూలో మాట్లాడే మెకానిక్, తెలుగులో మాట్లాడే రైతు ఒకే ట్రక్కు దగ్గర కలుసుకుంటారు. ఆ ఇద్దరికీ నచ్చజెప్పగల శక్తి ఈ రెండు భాషల కళాశాల విద్యార్థికి ఉన్నంతగా మరెవరికి ఉన్నది? 1969లో ఆరంభమైన జాతీయ సేవా పథకం కింద మొక్కలు నాటుతున్నాము, వీధులు ఊడ్చుతున్నాము. అవి మంచి పనులే. వాటితోబాటు నవంబరులో ఒక ఆదివారం ఊరి సెంటరులో నిలబడి, వచ్చిన ప్రతి ట్రక్కుకు, ప్రతి సైకిలు మడ్‌గార్డుకు ఒక పట్టీ అంటించినా చాలును. ఆ తరువాత ఆ పట్టీ మంచులో ఎవరి కంటికి తగిలి, ఎవరి ఇంట దీపం నిలిపిందో ఎవరికీ తెలియదు. జరగని ప్రమాదానికి వార్త ఉండదు. ఫలితం కనబడని సేవ గనుకనే అది నిజమైన సేవ అని మా నమ్మకము.

దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని సామెత. ముందు దీపం మన దారి కోసం. వెనుక దీపం మనకు కనబడదు, మన దారికి వెలుగునివ్వదు. మన వెనుక వచ్చే మనిషి ఎవరో మనకు తెలియకపోయినా, అతడు క్షేమంగా ఇల్లు చేరాలని కోరుకున్నవాడే ఆ దీపాన్ని వెలిగిస్తాడు. ఈ శీతకాలానికి వాహనం సిద్ధమైనదా లేదా అని తెలుసుకోవాలంటే బానెట్ ఎత్తి చూస్తే చాలదు. బండి దిగి, ఇరవై అడుగులు వెనుకకు నడిచి, తిరిగి చూడాలి.